జంగ్లీ, గోండు, గొత్తికోయ: పెట్టిన పేర్లు, పెట్టుకున్న పేర్లు

1946 డిసెంబరు 19న రాజ్యాంగ పరిషత్తులో లక్ష్యాల తీర్మానంపై చర్చ జరుగుతున్నది. ఛోటానాగ్‌పూర్ నుంచి వచ్చిన జైపాల్ సింగ్ ముండా తన వంతు రాగానే తానొక జంగ్లీనని సభకు చెప్పుకున్నారు. తమ ప్రాంతంలో తమవారిని పిలిచే పేరు అదేననీ, జంగ్లీనైనందుకు గర్విస్తున్నాననీ అన్నారు. సింధు నాగరికత ప్రస్తావన తెచ్చి, సభలో కూర్చున్నవారిలో అత్యధికులు ఈ దేశానికి తమ తరువాత వచ్చినవారేనని గుర్తుచేశారు. ఆదివాసులకు ఎవరూ ప్రజాస్వామ్యం నేర్పనవసరం లేదని, వారి దగ్గరే అది నేర్చుకోవాలని కూడా చెప్పారు. శతాబ్దాలుగా సంతల్లో, కచేరీల్లో, పోలీసు ఠాణాల్లో విసిరేసిన ఒక తిట్టు, ఆ తిట్టు తిన్న జాతి మనిషి నోట దేశపు అత్యున్నత సభలో మొదటిసారిగా బిరుదులా వినిపించింది.

ఆ మాట అన్నవారెవరో కూడా చూడాలి. జైపాల్ సింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన భారత హాకీ జట్టుకు సారథి. అప్పటికే ఆదివాసీ మహాసభకు నాయకుడు. సూటు వేసుకుని, నిర్దుష్టమైన ఇంగ్లీషులో ‘నేను జంగ్లీని’ అంటే ఆ మాట అన్నవాడికి తగలదు, తిరిగి విన్నవాడికి తగులుతుంది. అదే మాటను జగదల్‌పూర్ సంతలో ఇప్పపువ్వు అమ్ముకోవడానికి వచ్చిన మురియా స్త్రీతో కోచియా అంటే, తూకంలో మోసం చేయడానికి అది తొలి మెట్టు. ఆమె కూడా ‘అవును, జంగ్లీనే’ అని గర్వంగా చెప్పవచ్చు గానీ తూకం మారదు. తిట్టును సొంతం చేసుకోగలరా అన్న చర్చలో సాధారణంగా జారిపోయే సంగతి ఇదే. ఆ పని చేయడానికి ముందు నిలబడడానికి కొంత చోటు ఉండాలి.

జైపాల్ సింగ్ అడిగింది నిజానికి ‘జంగ్లీ’ని కాదు. ఆయన రాజ్యాంగంలో చూడాలనుకున్న మాట ‘ఆదివాసీ’. ఆ కోరిక నెరవేరలేదు. 1948 డిసెంబరులో అంబేడ్కర్ ఇచ్చిన సమాధానం న్యాయవాది సమాధానం. ‘ఆదివాసీ’ సాధారణ పదం, దానికి చట్టపరమైన నిర్దిష్టార్థం లేదు. ‘షెడ్యూల్డు తెగ’ అంటే జాబితాలో పేరున్న తెగ, కాబట్టి హక్కు ఎవరిదో తేలుతుంది అన్నది దాని సారాంశం. ఆ తర్కంలో బలముంది. కానీ దాని పర్యవసానం ఏమిటంటే, ఒక జనం ఎవరన్నది వారి మాట మీద గాక జాబితాలోని అక్షరాల మీద ఆధారపడింది. ఆ జాబితాలోని పేర్లు ఎవరు పెట్టారన్న ప్రశ్న అప్పుడు ఎవరూ వేయలేదు.

ఆది అన్న ఉపసర్గ తెలుగువారికి అప్పటికే కొత్త కాదు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పేరుతో సమావేశమైన జనం భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఆ పేరును తోసిపుచ్చి ‘ఆది ఆంధ్ర’ అయ్యారు. నాలుగు వర్ణాలకు అవతల అయిదో లెక్కగా పెట్టిన పేరును గర్వంగా మోయడం కన్నా కొత్త పేరు పెట్టుకోవడం మేలని వారు భావించారు. ఆ తరువాత గాంధీ ఇచ్చిన ‘హరిజన’ను అంబేడ్కర్ అంగీకరించలేదు. ప్రేమతో పెట్టినా, పెట్టిన పేరు పెట్టిన పేరే.

ఇక బస్తర్. కేరళ కన్నా పెద్దదైన ఒకప్పటి జిల్లా, నేడు ఏడు జిల్లాలు. ఇక్కడి ప్రజల పేర్లలో బయటివారి వేలిముద్ర పడనిది వెతికితే గానీ దొరకదు. గోండు అన్నది ఆ జనం తమకు తాము పెట్టుకున్న పేరు కాదని వలస పాలనాకాలపు జాతి వర్ణన గ్రంథాలే ఒప్పుకున్నాయి. తమ భాషలో వారు కోయతూర్ లేదా కోయ. మనిషి, మనవాడు అన్న అర్థాలు ఆ మాటకు చెప్పుకుంటారు. గోండు అన్న పేరు తెలుగు ‘కొండ’ నుంచి వచ్చిందని ఒక వాదన. హిస్లప్ అనే మిషనరీ పండితుడు 19వ శతాబ్దంలోనే ఆ ఊహ చేశారు. అది నిజమైతే మధ్య భారతంలోని కోటి మందికి పైగా జనం తెలుగువాడు దూరం నుంచి వేలు చూపి అన్న మాటను మోస్తున్నారన్నమాట. వేరే వ్యుత్పత్తులూ ఉన్నాయి, ఏదీ తేలలేదు. వచ్చింది బయటినుంచే అన్నంత వరకు అందరూ ఏకీభవిస్తారు.

జగదల్‌పూర్‌కు దక్షిణాన కాంగేర్ లోయ చుట్టుపక్కల ఉండే ధుర్వాలది ఇంకో కథ. పాతకాలపు రికార్డుల్లో వారు పర్జాలు. అంటే ప్రజ, రాజుకు లోబడినవాడు. బరో, భట్టాచార్య 1953లో వారి ద్రావిడ భాష మీద పుస్తకం రాసినప్పుడు దానికి పర్జీ భాష అనే పేరు పెట్టారు. భాషాశాస్త్రంలో నేటికీ అదే పేరు. ఆ జనం మాత్రం తమను ధుర్వా అనే చెప్పుకుంటారు. 1927 నుంచి 1931 వరకు బస్తర్ పాలనాధికారిగా పనిచేసిన గ్రిగ్సన్, 1938లో ప్రచురించిన గ్రంథంలో ‘బైసన్ కొమ్ముల మారియా’ అనే పేరును స్థిరపరిచారు. నాట్యంలో తలకు ధరించే కొమ్ముల కిరీటాన్ని చూసి ఒక జనానికి పేరు పెట్టడమిది. పెళ్లికొడుకు తలపాగా చూసి ‘తురాయి కాపులు’ అని ఒక కులానికి పేరు పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా గ్రిగ్సన్ నిజాయతీపరుడైన పరిశీలకుడు. కొండ మారియాలు తమను మెట కోయతూర్ అంటారని, అంటే కొండ మనుషులని, ఆయనే నమోదు చేశారు. ఆ పేరు గ్రంథంలోనే ఉండిపోయింది, కొమ్ములు ప్రపంచమంతా తిరిగాయి.

అన్నిటికన్నా విచిత్రమైనది అబూజ్‌మాడ్. అబూజ్ అంటే తెలియనిది, అంతుపట్టనిది. ఎవరికి తెలియనిది? అక్కడ పుట్టి పెరిగినవారికి ప్రతి వాగుకూ, ప్రతి గట్టుకూ పేరుంది. తెలియనిది రెవెన్యూ శాఖకు. దశాబ్దాల పాటు అక్కడ భూముల సర్వే జరగలేదు. పాలకుల అజ్ఞానం ఒక ప్రాంతానికి పేరైంది. అక్కడితో ఆగలేదు, మనుషులకూ అంటింది. కేంద్రం జాబితాలో ఆ జనం పేరు అబూజ్ మారియా. ఆ జాబితాకు మొదట ‘ఆదిమ గిరిజన సమూహాలు’ అనే శీర్షిక ఉండేది. 2006లో ఆదిమ అన్న మాట అవమానకరమని గుర్తించి తీసేశారు. ప్రత్యేకంగా దుర్బలమైన సమూహాలు అన్నారు. శీర్షిక మారింది, కింద అబూజ్ అన్న మాట అలాగే మిగిలింది.

బయటివారి పేరును సొంతం చేసుకున్న ఉదాహరణ ఈ ప్రాంతంలో ఉన్నదా అంటే ఉన్నది, ఆ పేరు గోండు. గోండులు గఢా మండ్లాలో, చాందాలో, దేవ్‌గఢ్‌లో రాజ్యాలు ఏలిన చరిత్ర ఆ మాటకు బలమిచ్చింది. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసు తూటాలకు నేలకొరిగిన కుమ్రం భీం పేరుతో అది తెలుగునాట వీరుల పేర్ల సరసన చేరింది. 1991లో హీరా సింగ్ మర్కామ్ గోండ్వానా గణతంత్ర పార్టీ స్థాపించినప్పుడు బయటివారు పెట్టిన పేరే జెండా మీదికెక్కింది. దానికి సమాంతరంగా కోయతూర్ అన్న స్వంత పేరును ముందుకు తెచ్చే ధోరణి కూడా పెరిగింది. మోతీరావణ్ కంగాలీ వంటి రచయితలు గోండీ భాష, లిపి, కోయా పునెం మీద చేసిన కృషి దానికి ఊతం. ఈ రెండు ధోరణులకు మధ్య వాదన ఉంది గానీ వైరం లేదు. ఎన్నికల్లో, కోర్టుల్లో గోండు. పూజలో, పెళ్లిలో, పాటలో కోయతూర్.

బస్తర్‌లో మరో కథ చెప్పుకుంటారు. 1910 భూమ్‌కాల్ తిరుగుబాటుకు నాయకత్వం వహించిన నేతానార్ ధుర్వా వీరుడు గుండాధూర్. మామిడి కొమ్మలు, మిరపకాయలు, మట్టిగడ్డ, బాణాలు ఊరూరూ తిప్పి ఉద్యమానికి పిలుపునిచ్చారు. అడవులను రిజర్వు చేయడం, వెట్టి, దివాన్ల దౌర్జన్యం కారణాలు. తిరుగుబాటును అణచివేశారు గానీ గుండాధూర్‌ను పట్టుకోలేకపోయారు. ఆయనను పట్టుకోలేని తెల్లదొరలు ఆ కసితోనే ‘గూండా’ అన్న తిట్టును పుట్టించారని ఆ కథ. చరిత్రగా ఇది నిలవదు. 19వ శతాబ్దపు హిందుస్తానీ నిఘంటువుల్లోనే ఆ మాట ఉంది. బస్తర్‌తో సంబంధం లేని కలకత్తాలో 1923లోనే గూండాల చట్టం వచ్చింది. అయినా ఆ కథను తేలిగ్గా తీసిపారేయడం తగదు. దేశమంతా వాడే ఒక తిట్టు వెనుక తమ వీరుడున్నాడని నమ్మడంలో ఒక పట్టుదల ఉంది. తిట్టు ఎక్కడైతే పుట్టిందో అక్కడే పరాక్రమం ఉందని చెప్పే పట్టుదల అది. ఇప్పుడు ఫిబ్రవరి 10న భూమ్‌కాల్ దినం జరుపుకుంటున్నారు.

బయటివాడికి ఆ పేరు వాడే హక్కు ఎప్పుడైనా దక్కిందా? బస్తర్ చివరి పాలకుడు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ విషయంలో దక్కిందనే చెప్పాలి. ఆయన వంశం ఓరుగల్లు కాకతీయుల నుంచి, ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడి నుంచి వచ్చినట్టు చెప్పుకునేది. ఏ లెక్కన చూసినా ఆదివాసీ కాదు. అయినా తనను ఆదివాసుల దేవుడిగా చెప్పుకుంటూ పుస్తకమే రాశారు. ఢిల్లీ, భోపాల్ అధికారులకు అది పిచ్చిగా తోచింది. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసు కాల్పుల్లో ఆయన చనిపోయినప్పుడు, విల్లంబులతో ఆయన చుట్టూ నిలిచినవారిలోనూ ప్రాణాలు పోయాయి. నేటికీ బస్తర్ ఇళ్లలో దంతేశ్వరి పటం పక్కన ఆయన పటం కనబడుతుంది. ఆయన రాజరికపు భ్రమలను ఎవరైనా విమర్శించవచ్చు, విమర్శించాలి కూడా. కానీ ఆ పేరు వాడుకునే అనుమతి ఆయనకు ఇచ్చింది జనం.

‘వనవాసి’కి అలాంటి అనుమతి దొరకలేదు. 1952లో జశ్‌పూర్‌లో బాలాసాహెబ్ దేశ్‌పాండే స్థాపించిన వనవాసి కల్యాణ్ ఆశ్రమం ఆ మాటను వ్యాప్తిలోకి తెచ్చింది. వినడానికి అందులో తిట్టు లేదు. రామాయణ వాసన ఉన్న గౌరవపదం. అయితే ఆదివాసి అంటే మొదటినుంచీ ఉన్నవాడు. వనవాసి అంటే అడవిలో ఉంటున్నవాడు. మొదటిది కాలాన్ని చెబుతుంది, రెండోది చిరునామాను మాత్రమే. చిరునామాను మార్చవచ్చు, గని తవ్వడానికి అడవి అవసరమైతే ఖాళీ చేయించవచ్చు. 2023 ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఎన్నికల్లో రాహుల్ గాంధీ ఈ తేడాను ప్రచారాంశంగా చేసి, వనవాసి అనడం అవమానమని సభల్లో పదేపదే చెప్పారు. ఆ ఎన్నికల్లో గెలిచింది భాజపా. ముఖ్యమంత్రి అయినది జశ్‌పూర్ జిల్లాకే చెందిన ఆదివాసీ నేత విష్ణుదేవ్ సాయ్. బస్తర్ ఓటరు మాటల తేడాను పట్టించుకోలేదని దీన్ని బట్టి కొందరు తీర్మానించారు. తొందరపాటు తీర్మానమది. ఓటు అనేక కారణాల మూట. అదీగాక ఆ మాట అవమానమని చెప్పిన నాయకుడూ ఆదివాసీ కాదు. తమ పేరు మీద ఇతరులు ఇద్దరు వాదులాడుకుంటుంటే వింటున్నవారు ఎటువైపు చేతులెత్తాలి?

తెలుగువారు ఈ చర్చను ఛత్తీస్‌గఢ్ వ్యవహారంగా చూసి పక్కకు జరగడానికి వీల్లేదు. దారుణ హత్య జరిగితే తెలుగు పత్రిక శీర్షికలో ‘కిరాతకం’ అంటుంది. కిరాతులు సంస్కృత సాహిత్యంలో కొండల్లో వేటాడి బతికే జనం. అర్జునుడిని పరీక్షించడానికి సాక్షాత్తు శివుడే కిరాత వేషం కట్టాడు. చట్టాన్ని చేతుల్లోకి తీసుకున్న గుంపు చేసేది ‘ఆటవిక న్యాయం’. అటవిలో ఉండేవారి న్యాయమంటే అదేనన్నమాట. నిజానికి బస్తర్ గ్రామాల్లో పెద్దలు కూర్చుని రోజుల తరబడి మాట్లాడి తగవు తీర్చే పద్ధతి చూసినవారెవరూ ఆ మాట వాడలేరు. ఒక పక్క తిన్నడి కన్నుల భక్తికి చేతులెత్తి మొక్కుతూ, ఇంకో పక్క అతని జాతి పేరును హంతకుడికి అంటగట్టడం తెలుగు నుడికారానికి అలవాటైపోయింది.

‘కోయదొర’ది తలకిందులైన ప్రయాణం. దొర గౌరవవాచకం. గోదావరి, విశాఖ మన్యంలో గిరిజన పెద్దల పేర్ల చివర ఉండేది. అల్లూరి సీతారామరాజు అనుచరులు గాం గంటందొర, గాం మల్లుదొర అలాంటివారే. మల్లుదొర 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు కూడా. బస్తర్ దక్షిణాన కోంటా ప్రాంతంలో తెలుగు కలిసిన మాట మాట్లాడే దోర్లాల పేరులోనూ వినిపించేది ఆ దొరే. మైదానం మీదికి వచ్చేసరికి కోయదొర అంటే నెమలీకలు పెట్టుకుని, వేళ్లు అమ్ముతూ, జోస్యం చెప్పే వేషం. సినిమా హాస్యనటుడికి సిద్ధంగా ఉన్న పాత్ర. తిట్టు బిరుదు కావడం గురించే అందరూ మాట్లాడతారు. బిరుదు ఎగతాళిగా దిగజారడం ఎంత సులువో మాట్లాడేవారు తక్కువ.

ఎవరు వాడవచ్చునన్న ప్రశ్నకు భారతీయ చట్టం చాలా స్పష్టంగా ఒక సమాధానం ఇచ్చింది. 1989 నాటి షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టంలో నేరస్థుడి నిర్వచనమే ‘షెడ్యూల్డు కులానికి గాని తెగకు గాని చెందని వ్యక్తి’ అని మొదలవుతుంది. 2015 సవరణ కులం పేరుతో బహిరంగంగా దూషించడాన్ని విడిగా నేరంగా చేర్చింది. ఒకే మాట, లోపలివాడు అంటే నేరం కాదు, బయటివాడు అంటే నేరం. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ‘చమార్’ ఒక కులం పేరే అయినప్పటికీ, వ్యుత్పత్తిని కాక ఆ మాటను ఈనాడు ఏ ఉద్దేశంతో వాడుతున్నారో చూడాలన్నది. తెలుగునేల మీద దీనికి జనం ఇచ్చిన సమాధానం 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా. అంతవరకు గొంతు తగ్గించి చెప్పుకునే కులం పేరును వేలమంది తమ పేరు చివర తగిలించుకున్నారు. బయటివారు ఆ పేరును ఇప్పుడు పత్రికలో గౌరవంగా రాస్తారు, మంద కృష్ణ మాదిగ అని. కానీ అదే మాటను వీధి తగాదాలో విసిరితే కేసవుతుంది. ఎక్కడ ఏది చెల్లుతుందో ఎవరికీ విడమరచి చెప్పవలసిన అవసరం రాలేదు. తెలియదని నటించేవారు మాత్రం ఉన్నారు.

అమెరికాలో ఈ గీత అంత స్పష్టంగా లేదు. ఆసియన్ల కళ్లను వెక్కిరించే ‘స్లాంట్స్’ అన్న మాటను తమ రాక్ బృందానికి పేరుగా పెట్టుకున్న ఆసియన్ అమెరికన్ యువకులు, ట్రేడ్‌మార్క్ కోసం పోరాడి 2017లో అక్కడి సుప్రీంకోర్టులో గెలిచారు. కించపరిచే పేర్లను నమోదు చేయరాదన్న నిబంధనే వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని కోర్టు కొట్టేసింది. ఆ తీర్పుతో లాభపడినది వాషింగ్టన్ రెడ్‌స్కిన్స్ ఫుట్‌బాల్ జట్టు. మూలవాసులను తిట్టే ఆ పేరుతో వ్యాపారం చేసుకుంటూ, ట్రేడ్‌మార్క్ రద్దుపై మూలవాసులతో పోరాడుతున్న జట్టు అది. తిట్టు తిన్నవారు గెలిచిన కేసు, తిట్టి సంపాదించేవారికి రక్షణ అయింది. జట్టు పేరు 2020లో మారింది గానీ కోర్టు వల్ల కాదు, ప్రకటనకర్తల ఒత్తిడి వల్ల.

భారతీయ చట్టం గీసిన గీత కూడా ఒక చోట తెగిపోతుంది. ఆ చోటు గోదావరి ఒడ్డున, తెలుగు జిల్లాల్లోనే ఉన్నది. 2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. జుడుం అంటే గోండీలో గుంపు వేట. ప్రభుత్వం దాన్ని శాంతి ఉద్యమమని అనువదించుకుంది. కోయల మాటతో కోయల మీద వేట. ప్రత్యేక పోలీసు అధికారులుగా తుపాకులిచ్చిన ఆదివాసీ యువకులకు ‘కోయ కమాండోలు’ అని పేరు పెట్టారు. అంటే జనం తమకు తాము పెట్టుకున్న ఒకే ఒక పేరును కూడా రాజ్యం తీసేసుకున్నది. 2011 జులై 5న నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పేనాటికి వందల గ్రామాలు ఖాళీ అయ్యాయి. వేలమంది శబరి, గోదావరి దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి, తరువాత ఇంకా ఉత్తరానికి వచ్చి పోడు కొట్టుకుని గుడిసెలు వేసుకున్నారు.

ఇక్కడ వారికి దొరికిన పేరు గొత్తికోయలు. గుట్టల మీది కోయలన్నది దానికి సాధారణంగా చెప్పుకునే అర్థం. వచ్చినవారు తమను కోయతూర్ అనో, మురియా అనో, దోర్లా అనో చెప్పుకుంటారు. గొత్తి అన్న మాట తగిలించింది మైదానపు వ్యాపారులో అధికారులో మాత్రమే కాదు, స్థానిక కోయలు కూడా. ఒకే భాష కుటుంబం, ఒకే గోత్రాల వ్యవస్థ, పెళ్లి సంబంధాలు కూడా ఉన్న చోట ఒకరు ఇంకొకరిని ఆ పేరుతో వేరు చేశారు. అందుకు కారణాలు లేకపోలేదు. పోడు భూమి పరిమితం, కొత్తగా వచ్చినవారు కొట్టిన ప్రతి ఎకరానికీ అటవీశాఖ ఆగ్రహం అందరి మీదా పడుతుంది. అయితే కారణం ఉన్నంత మాత్రాన పేరులోని చిన్నచూపు పోదు. లోపలివాడు అంటే తిట్టు కాదన్న సూత్రం ఇక్కడ పనిచేయదు. ఎవరు లోపలివారన్నదే తగవైనప్పుడు, ఆ సూత్రం బలవంతుడి చేతికి చిక్కుతుంది. పత్రికలు, పోలీసు ప్రకటనలు ఆ మాటను తెగ పేరుగా స్థిరపరిచాయి. దాని చుట్టూ మావోయిస్టు సానుభూతిపరుడు, అడవి నరికేవాడు, చొరబాటుదారు అన్న అర్థాలు పేరుకున్నాయి.

ఇందులో చట్టం చేసిన చిత్రం ఇంకొకటి. తెలంగాణ షెడ్యూల్డు తెగల జాబితాలో కోయ పద్దు కింద దోలి కోయ, కమ్మర కోయ, లింగధారి కోయ వంటి ఉపశాఖల మధ్య గుట్ట కోయ అన్న పేరు ఉన్నది. ఎగతాళిగా అన్నారనుకుంటున్న పేరుకు అచ్చమైన తోబుట్టువు. ఆ పేరును తమదిగా చెప్పుకోగలిగితే కులధ్రువపత్రం, దానితో బడి, రేషను, పోడు పట్టా అన్నీ కనీసం అడిగే హక్కు వస్తుంది. ప్రభుత్వ వాదన వేరు. వీరు ఛత్తీస్‌గఢ్ వారు, ఇక్కడి జాబితా ఇక్కడివారికే. దీనికి వెనుక 1990 నాటి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగకు చెందిన ఒక విద్యార్థి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయికి వెళ్లి, అక్కడ వైద్యవిద్యలో రిజర్వేషన్ కోరిన మర్రి చంద్రశేఖరరావు కేసది. ఒక రాష్ట్రంలోని తెగ హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదని కోర్టు చెప్పింది. ఎరువుల కార్పొరేషన్ ఉద్యోగి కుమారుడికి చెప్పిన న్యాయం, తగలబడుతున్న ఊరు వదిలి రాత్రికి రాత్రి నది దాటినవారికి కూడా వర్తిస్తున్నది. ఉద్యోగం కోసం చేసే వలసకూ, ప్రాణం కోసం చేసే పరుగుకూ తేడా చూడని వాదనను ప్రభుత్వాలు ఇన్నేళ్లుగా కదలక పట్టుకున్నాయి.

అటవీ హక్కుల చట్టం తేదీ ఇంకా కఠినం. 2006 నాటి ఆ చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగలవారు 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమికే హక్కు. ఇతర సంప్రదాయ అటవీవాసులు అయితే దానికి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ ఉన్నట్టు చూపాలి. సల్వాజుడుం మొదలైన జూన్‌కూ ఈ డిసెంబరుకూ మధ్య ఆరు నెలలు. జుడుం ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి సాగింది, జనం ఆ తరువాత కూడా వస్తూనే ఉన్నారు. అదే చట్టంలో పునరావాసం లేకుండా అక్రమంగా వెళ్లగొట్టబడిన వారికి హక్కు కల్పించే నిబంధన ఉన్నది. ఆ నిబంధనకూ తేదీ అదే.

2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ప్లాంటేషన్ మొక్కల వివాదంలో ఒక ఫారెస్ట్ రేంజ్ అధికారి హత్యకు గురయ్యారు. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగిని నరికి చంపిన ఆ నేరానికి ఏ సాకూ లేదు. నిందితులు ఇద్దరు. శీర్షికల్లో ఇద్దరి పేర్లకు ముందు జాతి పేరు వచ్చింది. రోజుల వ్యవధిలో బెండాలపాడు గ్రామ పంచాయతీ, తమ పరిధిలోని ఎర్రబోడు గొత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపించివేయాలని తీర్మానం చేసింది. మంత్రులు గొత్తికోయలు తెలంగాణ గిరిజనులు కారని చెప్పారు. ఆ గూడెంలో పుట్టిన పిల్లలకు అప్పటికి పదేళ్లు దాటినవారున్నారు. వారు ఛత్తీస్‌గఢ్‌ను చూసి ఉండరు. వారి పూర్వీకుల ఊళ్లలో చాలావాటిలో ఇప్పుడు సాయుధ బలగాల శిబిరాలు ఉన్నాయి. తీర్మానం రాసినవారు వాడిన మాట గుట్ట కోయ కాదు, మురియా కాదు, కోయతూర్ కాదు. జాబితాలో లేని, పత్రికల్లో ఉన్న మాట.